యుద్ధనౌకల చిత్రకారుడు

1653వ సంవత్సరము ఆగస్టు 10వ తేదీన, హాలెండు తీరమున టెర్ హైడె అను గ్రామమునకు ఎదురుగా డచ్చివారి నౌకాబలమునకును, ఆంగ్లేయుల నౌకాబలమునకును ఘోరమైన యుద్ధము జరిగెను. డచ్చి నౌకాసేనాపతియైన ట్రాంపు ఆనాడు తుపాకిగుండు తగిలి మరణించెను. ఫిరంగుల పొగ సముద్రమును కప్పివేయుచుండగా ఒక చిన్న ఓడ ఆ మహానౌకల చేరువనే తిరుగాడుచుండెను. అందులో ఒక మనుష్యుడు కాగితములపై బొమ్మలు గీయుచుండెను. అతడు సైనికుడు కాడు. యుద్ధము చేయుటకు వచ్చినవాడును కాడు. అతడే విల్లెం వాన్ డె వెల్డె.

ఆ కాలమున ఛాయాచిత్రములు లేవు. ఏ నౌక ఎచట నిలిచినదో, ఏది ముందు తలపడినదో, ఏది మునిగినదో తెలిసికొనవలెనన్నచో చూచినవారి మాటయే ఆధారము. యుద్ధము ముగిసిన పిమ్మట పదిమంది పదివిధములుగా చెప్పెదరు. కన్నది కన్నట్లు గీయువాడు ఒకడుండిన ఎంత మేలో ఊహింపుడు.

వాన్ డె వెల్డె 1611 ప్రాంతమున లైడెన్ నగరమున జన్మించెను. తండ్రి ఓడ నడుపువాడు. బాల్యము నుండియు అతనికి తెరచాపలు, మోకులు, లంగరులు, చుక్కానులు ఇంటి సామానువలె పరిచితములు. పెద్దవాడైన పిదప ఆంస్టర్‌డాము నగరమునకు పోయి కాపురముండెను. 17వ శతాబ్ది ఆరంభముననే మన మచిలీపట్టణమునకు వచ్చి వర్తకశాల నెలకొల్పిన డచ్చివారి దేశమే అది. వారి సంపద అంతయు సముద్రముపై ఆధారపడి యుండెను. ఆ సంపదను కాపాడుటకు యుద్ధనౌకలు కావలసి వచ్చెను. ఆ నౌకలను చూచి జనులు గర్వించెడివారు.

అతడు నౌకను గీయు విధానము తెలిసికొనదగినది. మొదట పెన్సిలుతో తేలికగా ఆకారమును నిర్ణయించును. నౌక వెనుకభాగమున చెక్కిన సింహములు, రాజచిహ్నములు, లతలు, కిటికీలు అన్నియు లెక్క తప్పకుండ దింపును. ఏలయన ఒక నౌకను మరియొక నౌకనుండి గుర్తించునది ఆ వెనుకభాగమే. కాని గీతలతోడనే నౌక నౌక కాదు. దాని ప్రక్కలు నీటికి దగ్గరగా ఉబ్బి, పైకి పోయినకొలది లోనికి ఒదుగును. ఆ ఉబ్బు, ఆ ఒదుగు చూపవలెనన్నచో నీడ కావలెను. అందుచే అతడు నీరు కలిపి పలుచన చేసిన బూడిదవన్నె రంగును కుంచెతో అద్దును. వెలుగు తగులు ప్రక్కను దాదాపు తెల్లగా విడిచి, ఒదిగిన చోట మెల్లగా చిక్కబరచి, ఫిరంగుల రంధ్రముల లోపల ముదురు నలుపు నింపును. గాలి నిండిన తెరచాపకు మాత్రము రంగే పూయడు. కాగితపు తెలుపే తెరచాప యగును! నాలుగైదు పూతలలో చదునైన కాగితముపై వేయిమందిని మోయగల కొయ్యకోట యొకటి నిలుచును.

యుద్ధమును గీయునపుడు ఇంత తీరిక ఉండదు. అపుడు తొందరగా గీతలు గీచి, కావలసిన వివరములను బొమ్మ ప్రక్కనే వ్రాసికొనెడివాడు. ఒక కాగితము చాలనిచో మరియొక కాగితము అంటించి బొమ్మను పొడిగించును. గీచిన బొమ్మపై తడికాగితము నొత్తి ప్రతి తీయుటయు అతనికి అలవాటు. అట్లు వచ్చిన ప్రతిలో కుడియెడమలు తారుమారగును. అయినను మరియొక చిత్రమునకు అది పనికివచ్చును.

1666 జూను మాసమున జరిగిన నాలుగుదినముల యుద్ధము ఈ పనికి గొప్ప పరీక్ష. డచ్చి సేనాపతి డి రైటర్ ఈ చిత్రకారుని కొరకై ఒక చిన్న ఓడను ఏర్పాటుచేసెను. ఇరుపక్షముల నౌకలు కలిపి నూటికి మించి తలపడినవి. గుండునకు శత్రువని, చిత్రకారుడని భేదము లేదు కదా! ఏబదియేండ్లు దాటిన వాన్ డె వెల్డె ఆ నడుమ దినమువెంట దినము గీయుచునే యుండెను. మూడవనాడు ఆంగ్లేయుల మహానౌక రాయల్ ప్రిన్సు ఇసుకదిబ్బపై చిక్కుకొని లొంగిపోయినది. డచ్చివారు దానిని తగులబెట్టిరి. ఆ దృశ్యమును తరువాత రంగులలో చిత్రించినవాడు అతని కుమారుడు. అతని పేరును విల్లెమే. 1633లో జన్మించిన ఈ కుమారుడు వర్ణచిత్రములలో తండ్రిని మించినవాడు.

తండ్రి కీర్తికి మూలము వేరొక విద్య. చెక్కపలకపైననో, వస్త్రముపైననో తెల్లనిపూత పూసి, ఆరిన పిదప దానిపై కలముతో నల్లసిరాతో చిత్రించును. దూరమునుండి చూచిన అచ్చువేసిన పటమువలె తోచును. దగ్గరగా చూచినచో మోకులను లెక్కపెట్టవచ్చును. ఇటలీలోని మెడిచీ వంశజులు కూడ వీనిని కొనిరి.

1672లో ఫ్రాన్సు, ఇంగ్లండు ఏకమై హాలెండుపై దండెత్తినవి. అదే సంవత్సరమున సోల్‌బే అను చోట జరిగిన నౌకాయుద్ధమును వాన్ డె వెల్డె డచ్చి నౌకలవైపు నుండి గీచెను. కాని దేశము కల్లోలమైనది. చిత్రములు కొనువారు కరువైరి. ఇంగ్లండు రాజు రెండవ ఛార్లెసు తన దేశమునకు వచ్చి స్థిరపడు డచ్చివారికి ఆశ్రయమిత్తునని ప్రకటించెను. ఆ శీతకాలమున తండ్రికొడుకులు సముద్రము దాటి శత్రురాజు కొలువున చేరిరి. 1673లో స్కూన్‌వెల్ట్ యుద్ధమున ముదుసలి చిత్రకారుడు మరల చిన్న ఓడ నెక్కెను. ఈసారి ఆంగ్లేయుల వైపున! ఎదుట నున్నది తనకు ఓడ నిచ్చిన డి రైటర్. ఇది తగునా యని మనకు తోచును. తగునని చెప్పుట కష్టము. జీవనాధారము పోయిన కళాకారుని నిందించుటయు కష్టమే. ఒకటి మాత్రము నిజము: కొలువు మారినను అతని గీత మారలేదు. ఆంగ్లనౌకలను ఎంత శ్రద్ధతో గీచెనో, పూర్వము డచ్చినౌకలను అంత శ్రద్ధతోనే గీచియుండెను.

1674లో రాజు తండ్రికి నౌకాయుద్ధముల రేఖాచిత్రములు గీయుటకు ఏటికి 100 పౌన్లు, ఆ చిత్రములకు రంగులు కూర్చుటకు కుమారునికి మరి 100 పౌన్లు వేతనము నిర్ణయించెను. గ్రీనిచ్‌లోని రాణిగారి మందిరమున వారికి పనిగది యొసగెను. సోల్‌బే యుద్ధపు చిత్రములను ఆధారముగా గొని రాజు చిత్రకంబళ్లు నేయించెను. డచ్చినౌకల ప్రక్క నిలిచి గీచిన బొమ్మలు ఆంగ్లరాజు గోడల కలంకారములగుట వింత కాదా!

వృద్ధుడు 1693లో లండనున మరణించెను. కుమారుడు 1707 వరకు జీవించెను. ఇరువురి చిత్రములు నేడు గ్రీనిచ్ సముద్రయాన వస్తుప్రదర్శనశాలలో వేయికి మించి యున్నవి. ఆ కాలపు డచ్చి వడ్రంగులు తరచుగా కాగితముపై పటము గీయకయే, చేతి అనుభవముచేతనే నౌకలను కట్టెడివారు. ఆ నౌకలు కాలిపోయినవి, మునిగినవి, విప్పివేయబడినవి. ఒకనాటి నౌక వెనుకభాగము ఎట్లుండెనో తెలియగోరు పండితులు, నమూనాలు చేయు శిల్పులు ఈ బొమ్మలకడకే వత్తురు.

టెర్ హైడె యుద్ధమును అతడు 1657లో కలముతో పెద్దచిత్రముగా వ్రాసెను. అది నేడు ఆంస్టర్‌డాములోని రైక్స్ చిత్రశాలలో నున్నది. కాలుచున్న నౌకలను చూచి కన్ను క్రిందికి దింపినచో ముందుభాగమున ఒక చిన్న ఓడ కనబడును. అందు కూర్చుండి బొమ్మ గీయుచున్నవాడు వాన్ డె వెల్డెయే.