రమాబాయి గది తలుపు

పండిత రమాబాయి పేరు వినగానే మనకు వితంతువుల బడి గుర్తొస్తుంది. ఆవిడ పడిన ఆకలి సంగతి అంతగా తెలీదు.

1858లో కన్నడ దేశపు అడవిలో పుట్టింది. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే, నలుగురూ కాదన్నా భార్యకు సంస్కృతం నేర్పినవాడు. రమాబాయికి ఆ తల్లే గురువు. పురాణం చదువుతూ క్షేత్రాలు తిరిగే సంసారం. ఇంతలో కరువు. చేతిలో ఉన్నదంతా అయిపోయింది. మన తిరుపతి కొండల దాకా వచ్చి, అడవిలో ఆకులలములు తిని ప్రాణం నిలుపుకున్నారు. 1874లో తండ్రి, కొద్ది రోజులకే తల్లి, ఆ పైన అక్క పోయారు. మిగిలింది పదహారేళ్ళ పిల్ల, అన్న. ఇద్దరూ ఊళ్ళు పట్టుకు తిరిగి 1878కి కలకత్తా చేరారు. అక్కడి పండితులు ఆమె విద్య చూసి పండిత, సరస్వతి అని బిరుదులిచ్చారు.

పెళ్ళయిన రెండేళ్ళలోపే భర్త కలరాతో పోయాడు. చంటిబిడ్డ మనోరమ మిగిలింది. 1883లో ఇంగ్లండులో బాప్తిస్మం తీసుకుంది.

1889లో బొంబాయిలో శారదా సదన్ పెట్టింది, మరుసటేడు పుణేకు మార్చింది. అక్కడ ఎవరికీ మతం బోధించనని మాటిచ్చింది. తాను మాత్రం తన గదిలో ప్రార్థన చేసుకునేది, తలుపు తీసే ఉంచేది. పిల్లలు వచ్చి కూర్చునేవారు. 1893లో దీనిమీద పెద్ద గొడవై, చాలామంది తమ పిల్లల్ని తీసుకెళ్ళిపోయారు.

1896లో మధ్య పరగణాల్లో కరువొస్తే తనే బయల్దేరి వందలమంది ఆడపిల్లల్ని తెచ్చింది. కేడ్‌గావ్ పొలంలో ముక్తి సదనం అలా పెరిగింది. అక్కడ దాపరికం లేదు, క్రీస్తు మాట బాహాటంగానే చెప్పింది. అన్నం పెట్టిన చెయ్యే దేవుణ్ణి చూపిస్తే ఆకలిగొన్న పిల్ల కాదనగలదా? నాకూ ఈ అనుమానం వచ్చింది, ఇప్పటికీ పూర్తిగా పోలేదు. కానీ ఆకు తిని బతికిన మనిషికి ఆ పిల్లల ముఖాల్లో ఏం కనిపించి ఉంటుందో కూడా ఆలోచించాలి కదా.

అక్కడి పిల్లలు నేత, వ్యవసాయం, అచ్చుపని నేర్చారు. అప్పటి మరాఠీ బైబిలు వాళ్ళకు అర్థం కాదని, ఆవిడ హీబ్రూ, గ్రీకు నేర్చి మామూలు ఆడవాళ్ళ మాటల్లో తిరగరాసింది. టైపు కూర్చింది కూడా ఆ ఆడపిల్లలే. 1921లో మనోరమ చనిపోయింది. పని ముగించి 1922 ఏప్రిల్ 5న ఆవిడా వెళ్ళిపోయింది. పుస్తకం 1924లో బయటికొచ్చింది.