రఫీయుద్దీన్ అహ్మద్

డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ (డిసెంబరు 24, 1890 - ఫిబ్రవరి 9, 1965) ప్రముఖ దంతవైద్యుడు, విద్యావేత్త, పశ్చిమ బెంగాల్ మాజీ మంత్రి. భారతదేశంలో మొట్టమొదటి దంతవైద్య కళాశాలను స్థాపించిన ఈయన భారత దంతవైద్య పితామహుడిగా పేరుపొందాడు.

జననం, విద్యాభ్యాసం

రఫీయుద్దీన్ అహ్మద్ తూర్పు బెంగాల్‌లో (ప్రస్తుత బంగ్లాదేశ్) జన్మించాడు. 1908లో అలీగఢ్‌లో చదువు ముగించుకొని, మరుసటి సంవత్సరం అమెరికా వెళ్ళాడు. 1915లో అయోవా విశ్వవిద్యాలయం నుండి దంతవైద్య పట్టా పొందాడు. 1918 వరకు బోస్టన్‌లో, పిల్లల కోసం నెలకొల్పిన ఫోర్సిత్ దంతవైద్యశాలలో పనిచేశాడు. 1919లో స్వదేశానికి తిరిగివచ్చాడు.

కళాశాల స్థాపన

ఆ రోజులలో మన దేశంలో దంతవైద్యం నేర్పే కళాశాల లేదు. పంటినొప్పి వచ్చిన సామాన్యులు సంతలలోను, వీధులలోను పళ్ళు పీకేవారినే ఆశ్రయించేవారు. అహ్మద్ 1920లో కలకత్తాలో దంతవైద్య కళాశాలను ప్రారంభించాడు. తాను నడిపిన న్యూయార్క్ సోడా ఫౌంటెన్ అనే ఐస్‌క్రీం దుకాణం ఆదాయంతో దానిని పోషించాడు. మొదట ఒక సంవత్సరమే ఉన్న శిక్షణ క్రమంగా నాలుగేళ్ళకు పెరిగింది. మహమ్మద్ అలీ జిన్నా సోదరి ఫాతిమా జిన్నా ఇక్కడే చదివి, 1923లో బొంబాయిలో దంతవైద్యశాల తెరిచింది.

1925లో అహ్మద్ భారతీయ దంతవైద్య పత్రికను ప్రారంభించి, 1946 వరకు సంపాదకుడిగా ఉన్నాడు. 1928లో విద్యార్థుల కోసం దంత చికిత్సా విధానాలపై పుస్తకం ప్రచురించాడు. పిప్పిపన్నును వెంటనే పీకివేయక, పుచ్చిన భాగాన్ని తొలగించి, ఆ గుంటను పూడ్చి పంటిని నిలుపుకోవడం ఈ విద్యలోని ముఖ్యాంశం. పుచ్చు పంటి లోపలి నాడి వరకు చేరితే నేడు రూట్ కెనాల్ చికిత్స చేస్తారు. పళ్ళకు పట్టిన గారను తీయడం చిగుళ్ళ వ్యాధికి మొదటి చికిత్స. పన్ను నిలవని స్థితిలోనే దానిని తీసివేస్తారు.

చట్టం

దంతవైద్య వృత్తికి చట్టబద్ధత కోసం అహ్మద్ కృషి చేశాడు. 1939లో బెంగాల్ దంతవైద్యుల చట్టం, 1948లో దేశవ్యాప్త దంతవైద్యుల చట్టం వచ్చాయి. 1948 చట్టం ప్రకారం రాష్ట్రాలలో దంతవైద్యుల పట్టిక తయారయింది. పట్టా పొందినవారిని "ఎ" భాగంలోను, పట్టా లేకపోయినా అప్పటికే కనీసం అయిదేళ్ళుగా ఈ వృత్తితో జీవిస్తున్నవారిని "బి" భాగంలోను నమోదు చేశారు. ఆ విధంగా పాతవారి జీవనోపాధిని కాపాడుతూనే, కొత్తగా వచ్చేవారికి చదువు తప్పనిసరి అయింది.

చివరి దశ

1949లో అహ్మద్ తన కళాశాలను పశ్చిమ బెంగాల్ ప్రభుత్వానికి అప్పగించాడు. ప్రస్తుతం అది ఆయన పేరుతోనే నడుస్తున్నది. 1950 నుండి 1962 వరకు ఆ రాష్ట్ర మంత్రివర్గంలో వ్యవసాయం, సహకారం, పునరావాసం మొదలైన శాఖలు నిర్వహించాడు. 1964లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ పురస్కారంతో గౌరవించింది. 1965 ఫిబ్రవరి 9న మరణించాడు.

ప్రభావం

అహ్మద్ జన్మదినమైన డిసెంబరు 24ను భారతదేశంలో దంతవైద్యుల దినంగా జరుపుకుంటారు. తెలుగునాట హైదరాబాదులో 1959లో ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఏర్పడింది. నేడు సిద్దిపేట జిల్లాలోని రాయపోల్ వంటి మండల కేంద్రంలో నివసించేవారైనా, చికిత్సకు వెళ్ళేముందు వైద్యునికి బి.డి.ఎస్. పట్టా ఉన్నదా, రాష్ట్ర దంతవైద్య మండలిలో పేరు నమోదయిందా అని తెలుసుకోవచ్చు. రోగికి ఈ రక్షణ లభించడంలో అహ్మద్ కృషి ఎంతో ఉంది.