రహీం సాబ్: ఫుట్‌బాల్ నేర్పిన బడిపంతులు

చదివే ముందు

మీరు బడిలో సాకర్ అనే ఆటను ఇండియాలో ఫుట్‌బాల్ అంటారు. ఇక్కడ చాండ్లర్‌లో ఫుట్‌బాల్ అంటే హెల్మెట్లు పెట్టుకుని ఆడే ఆట కదా! ఈ పాఠంలో ఉన్నది ఆ ఆట కాదు. ఫుట్‌బాల్ అని ఎక్కడ కనిపించినా మీ సాకరే అనుకోండి.

ఒలింపిక్స్‌లో ఇండియా అనగానే మీకు ఎవరు గుర్తొస్తారు? మీ తాతయ్యను అడిగితే హాకీ అంటారు. మీ అమ్మ 2000లో సిడ్నీలో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి పేరు చెప్పొచ్చు. మీరైతే 2016లో రియోలో వెండి పతకం తెచ్చిన పి.వి. సింధు అంటారేమో. ఫుట్‌బాల్ పేరు మాత్రం ఎవరూ ఎత్తరు. కానీ ఒకప్పుడు ఇండియా ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా వెళ్ళింది. ఆసియా క్రీడల్లో రెండుసార్లు బంగారు పతకం గెలిచింది. ఆ జట్లకు ఆట నేర్పింది హైదరాబాద్‌కి చెందిన ఒక బడిపంతులు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్ళు ఆయన్ని రహీం సాబ్ అని పిలిచేవాళ్ళు.

1. పంతులుగారి పద్ధతి

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. అప్పుడు హైదరాబాద్ నిజాం రాజ్యానికి రాజధాని. రహీం డిగ్రీ చదివి టీచర్ అయ్యారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ లాంటి చోట్ల బడుల్లో పాఠాలు చెప్పారు. ఉస్మానియా యూనివర్సిటీ విద్యార్థులు, పాత విద్యార్థులు కలిసి పెట్టుకున్న జట్టులో ఫుట్‌బాల్ ఆడేవారు. తరవాత వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా చేశారు. అంటే తరగతి గదిలోనే కాదు, మైదానంలో కూడా ఆయన టీచరే అన్నమాట.

1943లో ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. చనిపోయేదాకా ఆ పని వదల్లేదు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయ్యారు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా, వరసగా ఐదేళ్ళు, బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ గెలిచేసింది.

ఎలా గెలిచింది? రహీం సాబ్ పిల్లలకు కొత్త కొత్త పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో బంతిని మీ దగ్గరే ఉంచుకుని పరిగెత్తకూడదు. బంతి రాగానే పక్కవాడికి ఇచ్చెయ్యాలి. ఇంకో పోటీలో మీకు బాగా అలవాటున్న కాలితో బంతిని తన్నకూడదు. కుడికాలి వాటం ఉన్నవాళ్ళు ఎడమకాలితోనే ఆడాలి. మొదట్లో బంతి ఎటో పోతుంది, పక్కనున్నవాళ్ళు నవ్వుతారు. కొన్నాళ్ళకు రెండు కాళ్ళూ సమానంగా పనిచేస్తాయి. అప్పుడు మీరు బంతిని ఎటు కొడతారో ఎదుటివాళ్ళు కనిపెట్టలేరు.

2. వట్టి కాళ్ళతో ఒలింపిక్స్‌కి

ఇప్పుడు మీరు నమ్మలేని ఒక సంగతి చెబుతాను. ఆ రోజుల్లో ఇండియా ఆటగాళ్ళలో చాలామంది బూట్లు లేకుండా, వట్టి కాళ్ళతో ఆడేవాళ్ళు. 1948లో లండన్ ఒలింపిక్స్‌లో అలాగే ఆడి ఫ్రాన్స్ చేతిలో 2-1తో ఓడిపోయారు. గట్టి పోటీ ఇచ్చారని అందరూ మెచ్చుకున్నారు.

1951లో మొదటి ఆసియా క్రీడలు ఢిల్లీలో జరిగాయి. 11 దేశాలు వచ్చాయి. ఇండియా జట్టుకు కోచ్ రహీం సాబ్. ఇండోనేషియా మీద, అఫ్గానిస్తాన్ మీద 3-0తో గెలిచి, ఫైనల్లో ఇరాన్‌ని 1-0తో ఓడించారు. ఆ ఒక్క గోల్ కొట్టింది మేవాలాల్. బంగారు పతకం మనదే!

మరుసటి ఏడాదే పెద్ద దెబ్బ తగిలింది. 1952లో ఒలింపిక్స్ ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో జరిగాయి. అక్కడ చలి. ఎదుట యుగోస్లావియా, ఐరోపాలోని గొప్ప జట్లలో ఒకటి. మనవాళ్ళలో కొందరు ఇంకా వట్టి కాళ్ళతోనే ఉన్నారు. ఇండియా 10-1 తేడాతో ఓడిపోయింది.

పది గోల్స్! అంత ఘోరంగా ఓడితే మీరైతే ఏం చేస్తారు? ఇంటికొచ్చి తలుపు వేసుకుంటారా? రహీం సాబ్ ఆ ఓటమిని కూడా పాఠంలాగే చదివారు. ఐరోపా జట్లు ఎలా ఆడుతున్నాయి, మనం ఎక్కడ వెనకబడ్డాం అని చూశారు. ఆ తరవాత ఇండియాలో బూట్లు తప్పనిసరి చేశారు. రహీం సాబ్ తన జట్టు ఆట తీరే మార్చేశారు. హంగరీ జట్టు ఆడే పద్ధతిని శ్రద్ధగా గమనించి, తన ఆటగాళ్ళకు సరిపోయేలా నేర్పారు.

3. మెల్‌బోర్న్, 1956

నాలుగేళ్ళ తరవాత ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఒలింపిక్స్. మొదటి రౌండ్‌లో హంగరీతో ఆడాలి కానీ ఆ జట్టు పోటీకి రాలేదు. తరవాత ఆస్ట్రేలియాతో, వాళ్ళ గడ్డమీదే మ్యాచ్. ఇండియా 4-2తో గెలిచింది. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఒకే మ్యాచ్‌లో మూడు గోల్స్ కొట్టిన మొదటి ఆసియా ఆటగాడు ఆయనే.

సెమీఫైనల్లో ఎవరు ఎదురొచ్చారో తెలుసా? మళ్ళీ యుగోస్లావియా! ఈసారి ముందు గోల్ కొట్టింది ఇండియానే. కాసేపు మనమే ముందున్నాం. చివరికి యుగోస్లావియా 4-1తో గెలిచింది. కాంస్యం కోసం ఆడిన మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 3-0తో ఓడాం. పతకం రాలేదు, నాలుగో స్థానం దక్కింది. ఆ జట్టులో హైదరాబాద్ ఆటగాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళలో సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం ఒకడు.

4. రోమ్, జకార్తా

1960లో రోమ్ ఒలింపిక్స్. ఇండియా హంగరీ చేతిలో 2-1తో ఓడింది, ఫ్రాన్స్‌తో 1-1తో సమానంగా నిలిచింది, పెరూ చేతిలో 3-1తో ఓడింది. ఆ జట్టులో రహీం సాబ్ కొడుకు హకీం కూడా ఉన్నాడు. కానీ ఒక్క మ్యాచ్‌లో కూడా దిగలేదు. కోచ్ కొడుకైనా సరే, పక్కన కూర్చోవాల్సివచ్చింది.

1962లో ఆసియా క్రీడలు ఇండోనేషియా రాజధాని జకార్తాలో జరిగాయి. అప్పటికే రహీం సాబ్‌కి ఆరోగ్యం బాగోలేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్. అయినా జట్టుతో వెళ్ళారు.

మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తరవాత థాయ్‌లాండ్ మీద 4-1తో గెలిచారు కానీ, ఆ మ్యాచ్‌లో జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. జట్టు రక్షణకు ఆయనే గోడలాంటివాడు. తరవాత జపాన్‌ని 2-0తో ఓడించారు. సెమీఫైనల్‌కి రహీం సాబ్ ఒక సాహసం చేశారు. తలకు కట్టుతో ఉన్న జర్నైల్‌ని వెనక కాకుండా ముందు వరసలో ఆడించారు. జర్నైల్ గోల్ కొట్టాడు. దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచి ఫైనల్‌కి చేరారు.

ఫైనల్ సెప్టెంబర్ 4న. మళ్ళీ దక్షిణ కొరియా. స్టేడియంలో దాదాపు లక్షమంది, వాళ్ళలో ఎక్కువమంది ఇండియాకి వ్యతిరేకం. ఎందుకంటే ఇండోనేషియా ఆ క్రీడలకు ఇజ్రాయెల్‌నీ తైవాన్‌నీ రానివ్వలేదు. అది తప్పని జి.డి. సోంధీ అనే ఇండియా అధికారి గట్టిగా అభ్యంతరం చెప్పారు. దాంతో అక్కడి జనానికి ఇండియా మీద కోపం వచ్చింది. ఆ కోపం మన ఆటగాళ్ళ మీద పడింది. ఆ అరుపుల మధ్యే పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ సింగ్ ఒక గోల్ కొట్టారు. చివర్లో కొరియా ఒకటి కొట్టింది. 2-1తో బంగారం ఇండియాది.

దాదాపు తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, రహీం సాబ్ కన్నుమూశారు. ఆయన వయసు 53 ఏళ్ళు.

5. ఆయన తరవాత

1960 తరవాత ఇండియా పురుషుల ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్‌లో ఆడలేదు. 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం వచ్చింది. అప్పటి కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్‌ది కూడా హైదరాబాదే. ఆ తరవాత ఆసియా క్రీడల్లో పురుషుల ఫుట్‌బాల్‌లో పతకం రాలేదు.

జకార్తాలో మనం ఓడించిన జపాన్ గుర్తుందా? ఆ జపాన్ 1965లో దేశమంతటికీ ఒక లీగ్ పెట్టుకుంది. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. ఇండియాలో జాతీయ లీగ్ 1996లో గానీ మొదలవలేదు. రహీం సాబ్ శిష్యుల్లో పి.కె. బెనర్జీ లాంటివాళ్ళు కోచ్‌లయ్యారు, తమకు తెలిసింది నేర్పారు. కానీ ఆయన చేసిన పని దేశంలో ప్రతి ఊళ్ళో, ప్రతి బడిలో జరగాల్సింది. ఒక్క మనిషి మీదే ఆధారపడితే, ఆ మనిషి పోయాక నేర్పేవాళ్ళు తగ్గిపోతారు. ఈ జీవితకథలో గెలుపు ఎంత ఉందో, ఈ బాధ కూడా అంతే ఉంది.

2024లో ఆయన కథతో మైదాన్ అనే హిందీ సినిమా వచ్చింది. ఈ పాఠం చదివాక చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది.

కొత్త మాటలు

వట్టి కాళ్ళు: చెప్పులు, బూట్లు లేని కాళ్ళు
వాటం: అలవాటైన తీరు
కాంస్యం: మూడో స్థానానికి ఇచ్చే పతకం
తప్పనిసరి: చేసి తీరాల్సింది
అభ్యంతరం: ఇది సరికాదని చెప్పడం
కన్నుమూశారు: చనిపోయారు (పెద్దవాళ్ళ గురించి మర్యాదగా అనే మాట)

ఆలోచించి చెప్పండి

1. హెల్సింకీలో ఓడిపోయాక ఏమేం మారాయి? రెండు చెప్పండి.
2. దెబ్బ తగిలిన జర్నైల్ సింగ్‌ని ఆడించడం సరైనదేనా? మీరు కోచ్ అయితే ఏం చేసేవారు?
3. జపాన్ చేసిన ఏ పనిని ఇండియా ఆలస్యంగా చేసింది?

చేసి చూడండి

ఎండ తగ్గాక, సాయంత్రం పార్కులో రహీం సాబ్ పోటీ ఆడండి. పది నిమిషాలు అలవాటు లేని కాలితోనే బంతిని తన్నాలి. తరవాత ఇంటికొచ్చి రెండో పోటీ. మీలో చాలామందికి ఇంగ్లీషు వాటమున్న కాలు, తెలుగు అలవాటు తక్కువున్న కాలు. భోజనాల దగ్గర పది నిమిషాలు ఇంట్లో అందరూ తెలుగులోనే మాట్లాడాలి. ఇంగ్లీషు వాక్యం వస్తే బంతి అవతలివాళ్ళకి. బస్సు, ఫోను లాంటి మాటలు పరవాలేదు. మాట తడబడితే ఎవరూ నవ్వకూడదు. వారం రోజులు ఆడి, ఎవరి స్కోరు ఎంత పెరిగిందో రాసుకోండి.