తన దేహమునే ప్రయోగశాలగా చేసికొన్న శాస్త్రవేత్త

డార్విన్ మహాశయుడు ప్రకృతి వరణ సిద్ధాంతమును 1859లో గ్రంథరూపమున లోకానికి అందించారు. మెండెల్ బఠాణీ మొక్కలపై జరిపిన పరిశోధన 1866లో అచ్చయినా 1900 వరకు మరుగుననే ఉండిపోయింది. విచిత్రమేమంటే, అది వెలుగులోకి వచ్చిన పిమ్మట ఈ ఇద్దరి అనుయాయులకు పొత్తు కుదరలేదు. ఒకరి మాట నిజమైతే రెండవవారిది అబద్ధమన్నంత వరకు వివాదము సాగింది. ఆ తగవును గణితముతో తీర్చిన ముగ్గురిలో ఫిషర్, రైట్ లతో పాటు జె. బి. ఎస్. హాల్డేన్ ఒకరు. ముగ్గురిలోను మన దేశమును తన దేశముగా చేసికొన్నది హాల్డేన్ ఒక్కరే కనుక, వారి చరిత్రను మన విద్యార్థుల ముందు ఉంచుచున్నాము.

హాల్డేన్ 1892 నవంబరు 5న ఆక్స్‌ఫర్డులో జన్మించారు. తండ్రి శ్వాసక్రియను పరిశోధించిన శాస్త్రజ్ఞుడు. గనులలోని విషవాయువులను తానే పీల్చి పరీక్షించేవాడు. కుమారుని చిన్ననాడే గనులలోనికి వెంటబెట్టుకొని పోయేవాడు. ఆ అలవాటు కుమారుని జీవితాంతము వీడలేదు. 1939లో థెటిస్ అను జలాంతర్గామి మునిగి 99 మంది మరణించగా, ఆ మరణములకు కారణమెట్టిదో తెలిసికొనుటకు ఆయన మూసిన ఉక్కు గదిలో స్వయంగా కూర్చున్నారు. ఇట్టి ప్రయోగములలో కర్ణభేరికి చిల్లు పడింది, వెన్నెముక దెబ్బతిన్నది. ఇంతటివారికి విజ్ఞానశాస్త్రములో పట్టా లేదు! చదివినవి గణితము, ప్రాచీన గ్రీకు లాటిను సాహిత్యములు. మన సాహిత్య విద్యార్థులు ఈ సంగతి గమనింతురు గాక.

1924లో ఆయన ఇంగ్లండులోని ఒక రాత్రి సీతాకోకచిలుకను లెక్కకు తీసికొన్నారు. కర్మాగారముల పొగతో చెట్లు నల్లబడిన మాంచెస్టరు ప్రాంతములో 1848లో అరుదుగా కనిపించిన నల్లరకము, శతాబ్దాంతమునకు దాదాపు పూర్తిగా ఆక్రమించింది. ఇంత త్వరగా మార్పు రావలెనంటే నల్లవాటికి బ్రతికే అవకాశము సుమారు సగము మేర ఎక్కువగా ఉండవలెనని ఆయన గణించారు. ప్రకృతి వరణము అంకెలకు లొంగింది.

మాకు అంతకన్న గొప్పగా తోచునది 1949 నాటి ఊహ. తలసీమియా ప్రాణాంతకమైన రక్తవ్యాధి. మరి దాని జన్యువు మధ్యధరా తీరములలో ఎందుకు నశించలేదు? తల్లిదండ్రులిద్దరి నుండి వచ్చినపుడు చంపే ఆ జన్యువు, ఒక్కరి నుండే వచ్చినపుడు మలేరియా నుండి కాపాడుచుండవచ్చునని హాల్డేన్ సూచించారు. 1954లో అలిసన్ ఆఫ్రికాలో కొడవలికణ జన్యువు విషయమున ఇట్టి రక్షణనే చూపగలిగారు.

ఒక మచ్చను దాచుట న్యాయము కాదు. హాల్డేన్ కమ్యూనిస్టు, పార్టీ పత్రికకు వందలాది వ్యాసములు వ్రాశారు. 1928లో తనను రష్యాకు ఆహ్వానించిన వావిలోవ్, 1943లో చెరసాలలో మరణించారు. 1948లో లైసెంకో వర్గము అక్కడ జన్యుశాస్త్రమునే నిషేధింపజేసింది. అప్పుడైనా హాల్డేన్ సూటిగా ఖండించలేదు, దాటవేశారు. తరువాత పార్టీకి దూరమైనారు గాని, ఆ మౌనము మాకు నేటికీ బాధగానే ఉన్నది.

1957లో, సూయజ్ దండయాత్రకు నిరసన తెలుపుచు, ఆయన కలకత్తాలోని భారత గణాంక సంస్థకు వచ్చారు. భారత పౌరసత్వము స్వీకరించారు. ఖరీదైన యంత్రములు లేనిదే పరిశోధన లేదన్న మాటను ఆయన ఒప్పుకోలేదు. శిష్యులలో ఒకరు పారిజాతపు పూరెక్కలు లెక్కించారు. మరొకరు కొబ్బరిచెట్ల ఆకులు కుడికి తిరిగినవో ఎడమకు తిరిగినవో చూశారు. వారి తెలుగు శిష్యుడు ద్రోణంరాజు కృష్ణారావు, పి. మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లోని దగ్గర సంబంధపు వివాహముల ఫలితములను పరిశీలించి 1963లో ప్రకటించారు. మన ఇండ్లలో నిత్యము వినిపించే మేనరికము అట్లు శాస్త్రవిషయమైనది.

1962లో హాల్డేన్ భువనేశ్వరము చేరి అక్కడ జన్యుశాస్త్ర ప్రయోగశాలను నెలకొల్పారు. క్యాన్సరు సోకగా, ఆ వ్యాధి మీదనే హాస్యకవిత వ్రాసి ప్రకటించారు. 1964 డిసెంబరు 1న కన్నుమూశారు. తన దేహమును వైద్య విద్యార్థులకు ఇమ్మని ముందే వ్రాసిపెట్టినందున, దానిని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు తరలించారు.