భక్త రామదాసు ఋణవిముక్తి

మానవుడు మూడు ఋణములతో జన్మిస్తాడని శాస్త్రములు చెబుతున్నవి. యజ్ఞాదులచే దేవఋణము, వేదాధ్యయనముచే ఋషిఋణము, సత్సంతానముచే పితృఋణము తీరుతాయి. వీటిని తీర్చుకొనే మార్గమును శాస్త్రమే చూపినది. గృహస్థుని నిద్రను హరించేది మాత్రం నాలుగవ ఋణమైన ధనఋణము. పంట చేతికి రాని ఏడాది, ఇంట పెండ్లి తలపెట్టిన ఏడాది, వ్యాపారం తారుమారైన ఏడాది ఆ బరువు ఎంతటిదో మోసినవారికే తెలుస్తుంది.

ఈ బరువును సాక్షాత్తు భగవంతుడే తలకెత్తుకొన్నాడని మన పురాణగాథ. పద్మావతీ పరిణయము కొరకు శ్రీనివాసుడు కుబేరుని వద్ద అప్పుచేసి పత్రం వ్రాసి ఇచ్చినాడు. కలియుగాంతము వరకు వడ్డీ చెల్లించుటకు ఒప్పుకొన్నాడు. అందుకే భక్తులు ఆయనను ప్రేమతో వడ్డికాసులవాడని పిలుచుకొంటారు. శేషాద్రిపై అప్పు తీసుకొన్న ఆ స్వామియే భద్రగిరిపై రామచంద్రుడై తన భక్తుని అప్పును తీర్చినాడు. ఆ ధన్యజీవి కంచర్ల గోపన్న. లోకము ఆయనను భక్త రామదాసు అని కీర్తిస్తున్నది.

జననము - గురుకటాక్షము

పదిహేడవ శతాబ్దంలో, నేటి ఖమ్మం జిల్లాలోని నేలకొండపల్లిలో, నియోగి బ్రాహ్మణ కుటుంబంలో గోపన్న జన్మించినాడు. తండ్రి లింగన్న, తల్లి కామాంబ. తన తండ్రి లింగమంత్రి అనీ, తమది అత్రి గోత్రమనీ, కంచర్ల వంశమనీ గోపన్న తన దాశరథీ శతకంలో తానే చెప్పుకొన్నాడు. భట్టరార్యుల పాదములను ఆశ్రయించిన సంగతి కూడా అందులోనే ఉన్నది. ఆ వైష్ణవ గురువుల అనుగ్రహము చేతనే ఆయన హృదయంలో రామభక్తి వేరూనినది.

గోల్కొండ రాజ్యంలో అక్కన్న మాదన్నలు ప్రసిద్ధులైన సోదరులు. వారు గోపన్నకు మేనమామలని సంప్రదాయం చెబుతున్నది. 1672లో అబుల్ హసన్ కుతుబ్‌షా సింహాసనమెక్కినాడు. ఈయననే మనవారు తానీషా అంటారు. ఆయన కొలువులో మాదన్న ప్రధానమంత్రి అయినాడు. గోపన్నకు పాల్వంచ పరగణా తహశీల్దారు ఉద్యోగం లభించినది. రైతుల నుండి శిస్తు వసూలు చేసి, లెక్క వ్రాసి, సొమ్మును గోల్కొండ ఖజానాకు పంపుట ఆయన విధి.

నాటి రాజ్యము - నాటి ధనము

గోపన్నకు కలిగిన కష్టము యొక్క తీవ్రత తెలియాలంటే నాటి రాజ్యపు ఆర్థికస్థితి కొంత తెలియాలి. గోల్కొండ వజ్రాలకు, మచిలీపట్నపు రేవుకు లోకమంతటా పేరుండేది. అయినా ఆ ఐశ్వర్యానికి పైన ఒక పెద్ద భారమున్నది. 1636లో కుదిరిన ఒడంబడిక ప్రకారం గోల్కొండ సుల్తాను మొగలు చక్రవర్తికి ఏటా రెండు లక్షల హొన్నులు కప్పం కట్టవలెను. హొన్ను అంటే మన వరహాయే. కాలక్రమాన రూపాయలలో హొన్ను విలువ పెరిగినది. ఇన్నేళ్లుగా ఆ తేడా చెల్లించలేదని మొగలులు దానిని కూడ బాకీగా చూపినారు. 1656లో ఔరంగజేబు దండెత్తి వచ్చి గోల్కొండను ముట్టడించినప్పుడు మరల భారీ పరిహారం చెల్లించవలసి వచ్చినది. 1677లో శివాజీ మహారాజు హైదరాబాదుకు వచ్చినప్పుడు, ఆయన దక్షిణ దండయాత్రకు గోల్కొండ ధనసహాయం చేసినది. ఇట్లు రాజ్యమే అప్పులవాని వలె దినదినగండంగా బ్రతుకుతున్న కాలమది.

రాజుకు ధనము అవసరమైన కొలదీ వసూలు అధికారులపై ఒత్తిడి పెరుగుట సహజము. అంతకు పూర్వము నుండే గోల్కొండలో శిస్తు వసూలు హక్కును వేలం వేసేవారు. ఎక్కువ పాడినవానికి పరగణా దక్కేది. వానకురిసినా కురవకున్నా ఒప్పుకొన్న సొమ్ము గడువులోగా ఖజానాకు చేరవలెను. 1618 మొదలు కొన్నేళ్లు మచిలీపట్నంలో ఉన్న విలియం మెథ్‌వోల్డ్ అను ఆంగ్ల వర్తకుడు, బాకీ పూర్తిగా చెల్లించలేని ఒక అధికారిని కర్రలతో కొట్టి చంపిన సంగతిని తన గ్రంథంలో వ్రాసినాడు. కనుక రామదాసును కొరడాలతో కొట్టినారని మనము విన్నప్పుడు, అది ఒక్క తానీషా క్రూరత్వము మాత్రమే కాదని గ్రహించవలెను. ఖజానాకు బాకీపడిన వానికి ఆ కాలం విధించే శిక్షయే అది.

ఆలయ నిర్మాణము

పోకల దమ్మక్క అను భక్తురాలు భద్రగిరిపై స్వామిని కనుగొని, తాటాకుల పందిరి వేసి, పండ్లు నివేదించి పూజిస్తూ ఉండేది. చతుర్భుజుడై, శంఖచక్రములు ధరించి, సీతమ్మను అంకమున నిలుపుకొని, లక్ష్మణునితో కూడి ఉన్న ఆ వైకుంఠరాముని గోపన్న దర్శించినాడు. ఎండకు ఎండి వానకు తడిసే ఆ పందిరిని చూచి ఆయన హృదయం ద్రవించినది. గోదావరీ తీరమున ఆలయము, ప్రాకారము, గోపురము, మండపములు వెలసినవి. స్వామికి, అమ్మవారికి, తమ్ములకు అమూల్యములైన ఆభరణములు అమరినవి.

ఇంత ధనము ఎక్కడిది? పంటలు ఇంటికి చేరగానే విరాళములిస్తామని ప్రజలు మాట ఇచ్చినారని కొందరు చెబుతారు. ఆ మాటను నమ్మి గోపన్న ముందుగా సర్కారు సొమ్మును వినియోగించినాడట. మాదన్న ద్వారా అనుమతి లభించగలదని ఆశించినాడని మరికొందరు చెబుతారు. ఏది ఎట్లున్నా, లెక్క చూపమని గోల్కొండ నుండి తాఖీదు వచ్చిన నాటికి ఖజానాకు చేరవలసిన ధనము గోపన్న వద్ద లేదు. బాకీ ఆరు లక్షలని సంప్రదాయం చెబుతున్నది. దానిని వరహాలుగా లెక్కించితే, రాజ్యమంతయు కలిసి మొగలులకు కట్టే మూడేండ్ల కప్పముతో సమానము. ఒక పరగణా ఉద్యోగి తన జీవితకాలంలో తీర్చగల మొత్తము కాదు.

ఇక్కడ భక్తులమైన మనము ఒక సంగతిని దాటవేయరాదు. ఆ ధనము రైతుల చెమట. అది రాజునకు చెందవలసినది. గోపన్న దానిలో ఒక్క కాసైనను తన ఇంటికి వాడుకొనలేదు. అయినను ఉద్దేశము పవిత్రమైనంత మాత్రమున లెక్క సరిపోదు. ఆయన కూడ తాను బాకీపడలేదని ఎన్నడూ వాదించలేదు.

కారాగారవాసము

బొంరాస్‌పేట, కొడంగల్ ప్రాంతాల నుండి పరిగి, చేవెళ్ళల మీదుగా హైదరాబాదుకు ప్రయాణించే మనవారికి లంగర్‌హౌస్ చేరువలో గోల్కొండ దుర్గము కనిపిస్తుంది. తాండూరు, వికారాబాదుల నుండి రోడ్డున వచ్చేవారికీ అదే దారి. భద్రాచల యాత్రకు బయలుదేరినవారు దానిని చూస్తూ ముందుకు సాగిపోతారు. అయితే రామదాసు కథకు సగభాగము ఆ కోటలోనే ఉన్నది. బాలా హిస్సారుకు ఎక్కే దారిలో రామదాసు బందీఖానా అని చూపే చీకటిగది నేటికీ ఉన్నది. దాని గోడపై మలచిన దేవతామూర్తులు రామదాసు చేతివేనని భక్తుల విశ్వాసము. ఆ గదిలో ఆయన పన్నెండు సంవత్సరములు గడిపినాడు.

నిన్నటి వరకు పల్లకీ దిగి లెక్కలు అడిగిన అధికారి నేడు లెక్క చెప్పలేక సంకెళ్లలో ఉన్నాడు. మేనమామ ప్రధానమంత్రి అయినను ఆ బాకీని తుడిచివేయలేకపోయినాడు. భార్య కమలమ్మ ఇంట కృశించినది. ఋణము ఒక్కరినే కాక ఇంటిల్లిపాదినీ బంధిస్తుందని గృహస్థులకు వేరుగా చెప్పనక్కరలేదు.

కీర్తనలు - ఒక భక్తుని లెక్కపుస్తకము

ఆ పన్నెండేళ్లలో వెలువడినవని చెప్పే కీర్తనలను వరుసగా మననము చేస్తే, బాకీపడిన మనిషి మనస్సులోని అవస్థలన్నీ వాటిలో గోచరిస్తాయి. ఇక్ష్వాకు కులతిలకుని సంబోధించే కీర్తన సుప్రసిద్ధము. అందులో రామదాసు దేవుని ఎదుట తహశీల్దారు వలెనే నిలుచున్నాడు. ప్రాకారమునకు ఎంత పట్టినది, భరతునికి పచ్చల పతకమునకు ఎంత, శత్రుఘ్నుని మొలత్రాటికి ఎంత, లక్ష్మణుని ముత్యాల పతకమునకు ఎంత, సీతమ్మ చింతాకు పతకమునకు ఎంత అని పదివేల చొప్పున పద్దు తరువాత పద్దు చదివి వినిపించినాడు. ఈ నగలను నీ తండ్రి చేయించినాడా, నీ మామ పంపినాడా అని నిలదీసినాడు. అంతలోనే దెబ్బలకు తాళలేక తిట్టినానే గాని ద్వేషముతో కాదని క్షమాపణ వేడుకొన్నాడు.

కోపము ఫలించనప్పుడు ఆయన తల్లిని ఆశ్రయించినాడు. ఏకాంతవేళ స్వామికి తన మాట చెప్పి కాపాడుమని సీతమ్మను ప్రార్థించినాడు. ఇది శ్రీవైష్ణవులకు సుపరిచితమైన పురుషకారము. అపరాధియైన జీవుని పక్షమున అమ్మవారు స్వామికి విన్నవించుటయే పురుషకారము. న్యాయము చూచే స్వామి వద్ద తన పద్దు నిలువదని తెలిసినవాడు దయ చూచే తల్లి కొంగు పట్టుకొన్నాడు.

లెక్క చెప్పుటతో ఆరంభమై, నిందగా మారి, క్షమాపణగా కరిగి, శరణాగతిగా పరిణమించిన ఈ క్రమమే రామదాసు నిజమైన జీవితచరిత్ర. ఆలయము కట్టించినప్పుడు ఆయన స్వామికి ఇచ్చేవాడు. కారాగారంలో స్వామిని అడిగేవాడైనాడు. ఇచ్చినాననే భావము సంపూర్ణముగా తొలగిన తరువాతనే గోపన్న రామదాసు అయినాడు.

చెల్లుచీటి

పన్నెండవ ఏట ఒక రాత్రి తానీషా మందిరమునకు ఇద్దరు యువకులు వచ్చినారు. తాము రామోజీ, లక్ష్మోజీ అని, గోపన్న కొలువువారమని చెప్పుకొన్నారు. ఆరు లక్షలు రొక్కముగా కుప్పపోసి, లెక్క చూచుకొమ్మని, చెల్లుచీటి ఇమ్మని కోరినారు. తానీషా ముద్రవేసి ఇచ్చిన ఆ చీటి కారాగారంలో నిద్రిస్తున్న రామదాసు చెంత కనిపించినది. ఎంతో తపించిన భక్తునికి దర్శనము దొరకక, సుల్తానుకు దొరికినదని రామదాసు విలపించినాడు. ఆ రాత్రి లభించిన నాణెములే రామమాడలని భక్తలోకము విశ్వసిస్తున్నది.

ఈ ఘట్టమును తరతరాలుగా హరికథలలో వింటున్నాము. అయినను ఇందులో విచారింపదగిన విశేషమొకటి ఉన్నది. సర్వశక్తిమంతుడైన రామచంద్రుడు కారాగారపు తలుపులను బద్దలు చేయవచ్చును. తానీషా మనస్సును మార్చి బాకీని మాఫీ చేయించవచ్చును. ఖజానా లెక్కలనే మాయము చేయవచ్చును. స్వామి అవేవీ చేయలేదు. అసలు తక్కువ కాకుండా చెల్లించి, రసీదు తీసుకొన్నాడు. ధర్మమూర్తియైన రాముని దృష్టిలో భక్తుని అప్పు కూడ అప్పే. భక్తునిపై గల దయ ఆయనను కదిలించినది, రాజునకు చెందవలసినది రాజునకు చేరినది. కరుణకు, ధర్మమునకు విరోధము కలుగలేదు.

తరువాతి చరిత్ర

విముక్తుడైన రామదాసు శేషజీవితమును స్వామి సన్నిధిలో గడిపినాడు. తానీషా ఆనాటి నుండి శ్రీరామనవమి కల్యాణమునకు ముత్యాల తలంబ్రాలు పంపించినాడని ప్రతీతి. కాలములు మారి రాజ్యములు మారినను, పట్టువస్త్రములు, ముత్యాల తలంబ్రాలు ప్రభుత్వము పక్షమున సమర్పించే ఆచారము నిలిచి ఉన్నది. ఏ ఖజానాకు రామదాసు బాకీపడినాడో, ఆ ఖజానా వారసులే ఏటేటా స్వామికి కానుక తెచ్చుట ఎంతటి విశేషము!

గోల్కొండ గతి వేరైనది. ఎనిమిది నెలల ముట్టడి అనంతరము 1687లో ఔరంగజేబు దానిని వశపరచుకొన్నాడు. అబుల్ హసన్ దౌలతాబాదు కోటలో బందీయై, సుమారు పన్నెండేళ్ల అనంతరము అక్కడనే కన్నుమూసినాడు. ఆరు లక్షల కొరకు ఒకనిని బంధించిన ఖజానా శత్రువు పాలైనది. భద్రగిరిపై ఆలయము నిలిచినది. తరువాతి కాలమున తూము నరసింహదాసు వంటి మహనీయులు స్వామి ఉత్సవ కైంకర్యములను ఉద్ధరించినారు. త్యాగరాజస్వామి రామదాసు బంధవిమోచనమును తన కృతిలో భక్తితో స్మరించినాడు.

గృహస్థులకు సందేశము

వాననే నమ్ముకొని కంది, జొన్న పండించే మన మెట్టప్రాంతంలో అప్పు ఎరుగని ఇల్లు అరుదు. బాకీపడినవాడు పాపి అని లోకము తలచవచ్చును. వాకిట బాకీదారు నిలిచినప్పుడు ఇంటివాడు తలుపు చాటున దాగవచ్చును. అవమానము సహింపలేక ప్రాణమే తీసుకొన్నవారి వార్తలు కూడ మనము వింటున్నాము. అట్టి దురవస్థలో ఉన్నవారికి రామదాసు చరిత్ర రెండు మాటలు బోధిస్తున్నది. మొదటిది, దేవుని పేర చేసినదైనను అప్పును చిన్నచూపు చూడరాదు. పద్దు దాచరాదు, తీర్చే సంకల్పము విడువరాదు. రెండవది, తీర్చే దారి కనిపించని నాడు కూడ జీవితమును త్యజించరాదు. రామదాసు పన్నెండేళ్లు ప్రాణములు నిలుపుకొన్నాడు. దుఃఖించినాడు, కోపించినాడు, ప్రార్థించినాడు, ఇవన్నీ స్వామి ఎదుటనే చేసినాడు. తన కష్టమును చెప్పుకొనుటకు ఆయన ఎన్నడూ సిగ్గుపడలేదు.

అప్పుచేసిన శ్రీనివాసునికి బాకీపడినవాని బాధ తెలియును. అప్పుతీర్చిన శ్రీరామునికి దానిని తొలగించు ఉపాయము తెలియును. ఆ ఇద్దరూ ఒక్కరే. ఋణభారముతో కుంగుతున్న ప్రతి గృహమునకు భద్రాద్రి సీతారామచంద్రుడు ధైర్యమును, సన్మార్గమును, ఋణవిముక్తిని ప్రసాదించుగాక!