తెలుగు నేర్చిన తమిళ బిషప్: అజరయ్య జీవితం

మన తాతముత్తాతలు మలయా రబ్బరు తోటలలో పనిచేసిన కాలంలో చాలాచోట్ల దొర మాట ఇంగ్లీషు, కంగాణి మాట తమిళం. తెలుగువారికి తమిళం నేర్వక తప్పలేదు. అనేక కుటుంబాలలో తెలుగు వంటింటికి పరిమితమై, తరువాత అక్కడా సన్నగిల్లింది. సరిగా ఆ రోజులలోనే ఒక తమిళుడు తెలుగువారి నడుమ జీవించడానికి తెలుగు నేర్చుకున్నారు. ఆయనే బిషప్ అజరయ్య.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విలై గ్రామంలో జన్మించారు. తండ్రి ఆ ఊరి ఆంగ్లికన్ గురువు. అజరయ్య మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివారు గాని పట్టా పుచ్చుకోలేదు. 1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా చేరారు. అక్కడ షెర్వుడ్ ఎడ్డీ అనే అమెరికా యువకునితో సాటివారి వలె కలిసి పనిచేశారు. తెల్లవారికీ భారతీయులకూ నడుమ అటువంటి చెలిమి నాడు అరుదు.

1903లో తిరునెల్వేలి క్రైస్తవులు తమ సొంత ధనంతో, తమ మనుషులతోనే నడిచే ఒక మిషనరీ సంఘాన్ని స్థాపించారు. దాని స్థాపకులలో అజరయ్య ముఖ్యులు. వారు ఎన్నుకొన్న క్షేత్రం నిజాం రాజ్యంలోని డోర్నకల్. 1909లో గురుపట్టం పొంది ఆయన స్వయంగా అక్కడికి తరలివెళ్లారు. భార్య అన్బు మరియమ్మాళ్ ఈ పనిలో ఆయనకు తోడు. క, గ లకు వేర్వేరు అక్షరాలు లేని లిపిలో అక్షరాభ్యాసం చేసినవారికి ముప్పై దాటిన వయసులో తెలుగు ఎంత శ్రమో, తెలుగు తరగతులలో కూర్చున్న మన పెద్దలకు వేరే చెప్పనక్కరలేదు.

1910 జూన్‌లో ఎడిన్‌బరో నగరంలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. సుమారు 1,200 మంది ప్రతినిధులు వచ్చారు. వారిలో ఆసియావారు వేళ్లమీద లెక్కించదగినంత మందే. అజరయ్యకు అప్పగించిన విషయం విదేశీ, స్వదేశీ పనివారి మధ్య సహకారం. ఆయన మర్యాద తప్పలేదు, అలాగని నిజాన్ని దాచనూ లేదు. మిషనరీల త్యాగాన్ని మనసారా అంగీకరించారు. కాని తమతో ఏళ్లతరబడి పనిచేసే భారతీయ గురువుల ఇంటి గడప తొక్కని మిషనరీలు ఉన్నారని, జీతం ఇచ్చేవాడు, పుచ్చుకొనేవాడు అన్న సంబంధం మాత్రమే మిగిలిందని, తమకు కావలసింది స్నేహమని తేల్చి చెప్పారు. సభలో కొందరు నొచ్చుకున్నారు. నేడు సింగపూరు కార్యాలయాలలో చైనీయులు, మలయులు, భారతీయులు, తెల్లవారు ఒకే బల్ల చుట్టూ సమావేశమవుతారు. భోజనవేళ మాత్రం తరచు ఎవరి గుంపు వారిదే. ఆ ప్రసంగం నాకు పాతదిగా తోచదు.

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్ కథీడ్రల్‌లో ఆయనకు బిషప్ అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. తెల్లవారు భారతీయుని ఆజ్ఞకు లోబడడమా అని అప్పట్లో అభ్యంతరం చెప్పినవారు చాలామంది. అందుచేత మొదట ఆయనకు చిన్న ప్రాంతమే దక్కింది. తరువాత అధికారక్షేత్రం విస్తరించి, ఇంగ్లీషు మిషనరీలు కూడా ఆయన క్రింద పనిచేశారు.

ఆయన సంఘంలో అత్యధికులు మాల, మాదిగ పల్లెలవారు. ఎడ్లబండిపై ఊరూరా తిరిగి మురికి, రోగం, అప్పు, త్రాగుడు అనే నాలుగు దయ్యాలను వదిలించుకొమ్మని బోధించారు. ఆరాధనలో తెలుగు కీర్తనలను ప్రోత్సహించారు. 1930లలో మతాంతరీకరణ విషయమై గాంధీగారితో ఆయనకు తీవ్రమైన భేదాభిప్రాయం కలిగింది. దేవాలయ కమిటీలో పనిచేసే నాకు అక్కడ గాంధీగారి వాదమే నచ్చుతుంది. అయినా అంటరానివారని ఊరు దూరం పెట్టినవారి గుడిసెకు నడిచి వెళ్లినవారెవరో కూడా చూడాలి గదా.

డోర్నకల్ కథీడ్రల్ నిర్మాణం ఏళ్ల తరబడి సాగి, 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. మసీదును తలపించే గుమ్మటాలు, హిందూ ఆలయ మండపాన్ని తలపించే రాతి స్తంభాలు అందులో కలిసి ఉన్నాయి. ఇంగ్లండు చర్చి నమూనాను ఆయన కోరలేదు.

1945 జనవరి 1న అజరయ్య డోర్నకల్‌లోనే కన్నుమూశారు. వేర్వేరు సంఘాలను ఏకం చేయడానికి ఆయన 1919 నుండి పాటుపడ్డారు. ఆ దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న ఏర్పడింది. ఆయన సమాధి తెలుగు నేలమీదనే, డోర్నకల్‌లో ఉంది.