ఎల్సాను పెంచిన జాయ్ ఆడమ్సన్

1956వ సంవత్సరం ఫిబ్రవరి నెల. కెన్యా ఉత్తర ప్రాంతంలో వన్యమృగ సంరక్షణాధికారిగా ఉన్న జార్జ్ ఆడమ్సన్, తనపైకి లంఘించిన ఒక ఆడసింహాన్ని ఆత్మరక్షణకై కాల్చవలసి వచ్చింది. అది నేలకొరిగిన పిదప గాని దాని ఆగ్రహానికి కారణం తెలియలేదు. సమీపంలోని బండరాళ్ల చీలికలో రోజుల వయసు మాత్రమే ఉన్న మూడు కూనలు కనిపించాయి. పశ్చాత్తాపంతో జార్జ్ వాటిని శిబిరానికి తెచ్చి భార్య ఒడిలో ఉంచాడు. ఆ భార్యయే జాయ్ ఆడమ్సన్.

ఆమె 1910 జనవరి 20న నాటి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలోని ట్రోపావు పట్టణంలో జన్మించింది. నేడది చెక్ దేశంలోని ఒపావా. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఫ్రీడెరికె విక్టోరియా గెస్నర్. వియన్నాలో పియానో వాద్యం అభ్యసించింది. 1937లో కెన్యాకు వెళ్లిన ఆమెకు ఆ నేలయే స్వదేశమైంది. జాయ్ అనే పేరు ఆమె రెండవ భర్త, వృక్షశాస్త్రజ్ఞుడైన పీటర్ బాలీ పెట్టినది. ఆయన సాహచర్యంలో కెన్యా పుష్పజాతులను చిత్రించింది. తరువాతి కాలంలో అక్కడి వివిధ తెగల ప్రజల రూపచిత్రాలను వందలకొలది గీసింది. సింహాల జోలికి పోకున్నా చిత్రకారిణిగా ఆమె పేరు నిలిచేదే. 1944లో జార్జ్‌ను వివాహమాడింది.

మూడు కూనలకు మొదట పాలు పట్టడమే గగనమైంది. జాయ్ పెంచుకుంటున్న పాటీ అనే చిన్న జంతువు, కుందేలంత ప్రమాణం గలది, వాటికి దాదిగా మారడం చూచేవారికి వింత గొలిపేది. కూనలు పెరిగాక మూడింటినీ పోషించడం దుష్కరమై, పెద్దవి రెండింటిని హాలెండ్‌లోని రోటర్‌డామ్ జంతుప్రదర్శనశాలకు పంపారు. అన్నింటికంటె చిన్నదైన ఎల్సా వారి వద్ద మిగిలింది.

ఎల్సాను కూడా బోనుకు అప్పగించడమా, అడవికి తిరిగి ఇవ్వడమా అన్న ప్రశ్న ఎదురైంది. మనుషుల చేతిలో పెరిగిన సింహం వేటాడి బ్రతకగలదని అప్పట్లో నమ్మినవారు అరుదు. తొలి ప్రయత్నం ఫలించలేదు. విడిచిపెట్టిన చోట ఎల్సా జబ్బుపడింది. తరువాత మెరు ప్రాంతంలోని ఉరా నది ఒడ్డుకు తీసుకుపోయి, చంపి తెచ్చిన మాంసానికి బదులు తానుగా వేటాడడం ఓపికతో నేర్పారు. చివరకు ఎల్సా అడవి మగసింహంతో జతకూడి, 1959 డిసెంబరులో మూడు పిల్లలను కన్నది. అవి జెస్పా, గోపా, చిట్టి ఎల్సా. ఆ పిల్లలను వెంటబెట్టుకొని తల్లి తిరిగి శిబిరానికి వచ్చింది.

ఈ కథను జాయ్ గ్రంథంగా రచించింది. 1960లో వెలువడిన 'బార్న్ ఫ్రీ' అనేక భాషలలోకి అనువదింపబడి లక్షలాది ప్రతులు అమ్ముడుపోయింది. దానికి కొనసాగింపుగా మరి రెండు పుస్తకాలు వచ్చాయి. 1966లో చలనచిత్రం కూడా విడుదలైంది. గ్రంథకర్త ఆదాయంతో విలాసంగా జీవించడానికి ఆమెకు అవకాశముండెను. అయితే ఆమె ఆ ధనంలో అధికభాగాన్ని వన్యప్రాణుల రక్షణకే వెచ్చించింది. ఎల్సా పేరిట ఒక సహాయనిధిని నెలకొల్పింది. మెరు అభయారణ్యానికి ఆ సొమ్ము అండగా నిలిచింది. 1966లో అది జాతీయవనమైంది. సింహాన్ని కాపాడటమంటే దాని ఆహారమైన లేళ్లను, అవి మేసే గడ్డిని, త్రాగే నీటిని కాపాడటమే కదా! వనరక్షకులకు జీతాలు, వాహనాలు, బాటలు, ఇవన్నీ ధనంతోనే సమకూరుతాయి. కథను చదివి కరిగిన హృదయాలను నిధిగా మార్చగలగడం జాయ్ సాధించిన విశేషమని చెప్పాలి.

ఈ కథకు చీకటి పార్శ్వం లేకపోలేదు. 1961 జనవరిలో ఎల్సా, పిడుదుల వలన సోకే జ్వరంతో మరణించింది. తల్లిలేని పిల్లలు ఆకలికి తాళలేక గ్రామస్థుల మేకలపై పడ్డాయి. జెస్పాకు బాణం కూడా తగిలింది. మేకను పోగొట్టుకున్న కాపరి కోపం అన్యాయమైనది కాదు. అతనికి మందయే జీవనాధారం. జాయ్ దంపతులు ఆ పిల్లలను పట్టి, అదే సంవత్సరం టాంగన్యీకాలోని సెరెంగెటికి తరలించారు. ఆ తరువాత వాటి జాడకై నెలల తరబడి వెదికారు. పెంపుడు సింహాలను విడిచిపెట్టడం మనుషులకు అపాయకరమని కొందరు తీవ్రంగా ఆక్షేపించారు. తరువాతి కాలంలో జార్జ్ సాకిన సింహాలలో ఒకటి మనిషిని చంపింది కనుక ఆ ఆక్షేపణను తోసిపుచ్చలేము. జాయ్ స్వభావమూ మృదువైనది కాదు. కోపం ఎక్కువ, పట్టుదల అంతకంటె ఎక్కువ. చివరి కాలంలో భార్యాభర్తలు వేరువేరు అడవులలో నివసించారు.

సింహం తరువాత జాయ్ పిప్పా అనే చీతాను, పెన్నీ అనే ఆడ చిరుతను అడవికి మళ్లించింది. పెన్నీ కోసం ఉత్తర కెన్యాలోని షాబా అభయారణ్యంలో శిబిరం వేసుకుని ఉండగా, 1980 జనవరి 3న ఆమె శవమై కనిపించింది. సింహం చంపిందని తొలుత వార్తలు వ్యాపించాయి. అది అసత్యమని, పూర్వం ఆమె వద్ద కొలువు చేసిన వ్యక్తి చేసిన హత్య అని విచారణలో తేలింది. ఆమె చితాభస్మాన్ని మెరు వనానికి తీసుకుపోయి, ఎల్సా, పిప్పాల సమాధులపై చల్లారు.